నల్లి బొక్క వెనుక నారాయణ

వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’లో అల్లుడు నారాయణను మూర్ఖుడని తేల్చేయడం చాలా సులువు. మాంసం కూరలోని నల్లి బొక్క దగ్గర మాట పట్టింపు వచ్చి, బామ్మర్ది ఐలయ్యతో గొడవపడి లేచిపోయిన మనిషి ఇరవై ఏళ్లు అత్తింటి గడప తొక్కలేదు, భార్య లక్ష్మినీ తొక్కనివ్వలేదు. కొంచెం చదువుకున్నవాళ్లు అదే మాటను ‘అహంభావి’ అని అంటారు. పేరు మారింది కానీ మనిషి మనకు అర్థమైంది లేదు. ఒక పాత్రను మనస్తత్వశాస్త్రంతో చూడటమంటే, అతను ఎందుకలా అయ్యాడో వెతకడం.

వ్యక్తిత్వాన్ని ఐదు లక్షణాలతో కొలిచే సిద్ధాంతం నారాయణకు సర్దుబాటు గుణం తక్కువని చెబుతుంది. కోపిష్టి గనుక కోపం తెచ్చుకున్నాడన్నట్టే ఉంటుంది ఆ జవాబు. 1911లో ఫ్రాయిడ్‌తో తెగతెంపులు చేసుకున్న ఆల్ఫ్రెడ్ అడ్లర్ ఇక్కడ ఎక్కువ అక్కరకొస్తాడు. తాను తక్కువనే బాధ ప్రతి మనిషిలోనూ ఉంటుందని, దాన్ని దాటే ప్రయత్నమే వ్యక్తిత్వాన్ని మలుస్తుందని, నలుగురితో కలిసే గుణం కరువైతే ఆ ప్రయత్నం దారి తప్పుతుందని అతని వాదన. మన ఊళ్లలో అల్లుడు కూర్చున్న బంతిలో నల్లి బొక్క ఎవరి కంచంలో పడిందన్నది రుచికి సంబంధించిన విషయం కాదు, ఆ ఇంట్లో అతని స్థానమేమిటో అందరికీ చెప్పే గుర్తు. ఆ గుర్తు తప్పినప్పుడు నారాయణ నలుగురిలో చిన్నబోయాడు. తర్వాత అతను బాగానే సంపాదించాడు. అప్పుల్లో మునిగిన ఐలయ్య కొడుకు సాయిలు, నారాయణ బిడ్డ సంధ్యను చేసుకుంటే గట్టెక్కుతానని లెక్క వేసుకునేంత ఆస్తి ఉంది. అయినా మనసు చల్లబడలేదు. డబ్బుతో తీరని లోటు అది.

ఎక్కడో వియన్నాలోని అడ్లర్ సిద్ధాంతం మన పల్లెలకు ఎట్లా పనికొస్తుందని కొందరడగవచ్చు. మన ఏ ఊళ్లోనైనా మర్యాద తప్పిన అల్లుడి అలక ఎవరికీ కొత్త కాదు. అడ్లర్ దానికి కారణం చెప్పాడు, మన ఊరు దానికి రూపమిచ్చింది. పాత్ర కల్పితం కదా అన్నది రెండో అభ్యంతరం. కల్పితమే, కానీ సినిమా ముగింపు ఈ విశ్లేషణను బలపరుస్తుంది. దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకు ఇంటిల్లిపాదీ ఏడ్చి ఒక్కటయ్యాకే, చనిపోయిన మామ కొమురయ్యకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టింది. పోయిన స్థానం తిరిగి దక్కాకే పంతం కరిగింది.

కారణం చెప్పడం తప్పును వెనకేసుకురావడమే అనేవారికీ జవాబు చెప్పాలి. నారాయణకు తగిలిన దెబ్బ నిజమే. కానీ దాని శిక్షను ఇరవై ఏళ్లు అనుభవించింది లక్ష్మి. తండ్రి కొమురయ్య బతికుండగా ఆమె పుట్టింటికి రాలేకపోయింది. కారణం తెలిసినంత మాత్రాన ఆ తప్పు మాసిపోదు. మన ఇళ్లలో అలిగి దూరమైన మనిషికి పేరు పెట్టే ముందు, ఏ బంతిలో అతనికి మర్యాద తప్పిందో ఒక్కసారి అడగండి. ఆ అలక వల్ల నోరు మూసుకుని నలుగుతున్న ఆడబిడ్డ ఎవరో కూడా చూడండి.