నెల్లూరు బొగ్గు పొగను భూమిలో దాచొచ్చా? కింద ఉన్న రాయి ఏం చెబుతోంది?

కృష్ణపట్నం రేవు నుంచి వెంకటాచలం మీదుగా వెళ్లే బొగ్గు వ్యాగన్లు ఈ ప్రాంతం వారికి రోజూ కనిపించేవే. పక్కనే ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు. ఒక్క యూనిట్ పూర్తి సామర్థ్యంతో గంట నడిస్తే దాదాపు 700 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్తుంది. ఇలాంటి వాయువును పట్టి భూగర్భంలో దాచే సాంకేతికత కోసం 2026-27 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్లకు రూ.20 వేల కోట్లు ప్రతిపాదించారు. మరి నెల్లూరు నేల అందుకు పనికొస్తుందా?

ఎలా దాచుతారు?

పొగలోంచి వాయువును వేరు చేసి, ఒత్తిడి పెంచి, సాధారణంగా 800 మీటర్ల కంటే లోతుకు పంపుతారు. ఆ లోతులో అది ద్రవంలా చిక్కబడి చాలా తక్కువ చోటులో ఇముడుతుంది. కింద పెద్ద గుహ ఏమీ ఉండదు. ఇసుకలో నీరు ఇంకినట్టు, ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లోకి వాయువు చేరుతుంది. అది పైకి రాకుండా షేల్ లాంటి బిగువైన పొర మూతలా ఉండాలి. ఆ మూతలో పగుళ్లు ఉండకూడదు. పాత బోర్లు తూట్లు పొడిచి ఉండకూడదు.

వెంకటాచలం కింద ఏముంది?

పైన ఇసుక, ఒండ్రు. దాని కింద నెల్లూరు షిస్టు పట్టీ, నైస్, గ్రానైట్ లాంటి అతి పురాతన గట్టి రాళ్లు. గూడూరు అభ్రకం దొరికేది ఈ ప్రాంతపు రాళ్లలోనే. వీటిలో సందులు దాదాపు ఉండవు, పగుళ్లే ఉంటాయి. మెట్ట రైతులకు ఇది తెలిసిందే: బోరు పగులుకు తగిలితే నీళ్లు, లేకపోతే దుమ్ము. పగుళ్ల వెంట వాయువు ఎటు పోతుందో చెప్పలేం. కాబట్టి ఇక్కడి రాయి ఈ పనికి అనువైనది కాదు.

మరి ఎక్కడ?

రాష్ట్రంలో ముందుగా చూడాల్సింది కృష్ణా-గోదావరి బేసిన్. అక్కడ మందమైన ఇసుకరాయి పొరలున్నాయి. ఓఎన్‌జీసీ దశాబ్దాలుగా తవ్విన బావుల సమాచారమూ ఉంది. రెండో మార్గం పశ్చిమ తెలంగాణలోని దక్కన్ బసాల్ట్. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఈ రాళ్లపై అధ్యయనం చేసింది. ఐస్‌లాండ్‌లో బసాల్ట్‌లోకి పంపిన వాయువులో 95 శాతం రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అయితే ఆ పద్ధతిలో టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీరు కావాలి.

పెద్ద అంకెలను ఎలా చూడాలి?

దేశంలో 40 వేల నుంచి 60 వేల కోట్ల టన్నులు దాచవచ్చని 2022 నీతి ఆయోగ్ నివేదిక అంచనా. అది కాగితం మీది సామర్థ్యం. సిస్మిక్ సర్వే చేసి, బోరు వేసి, రాతి నమూనా తీసి, కొద్దిగా వాయువు పంపి చూస్తేనే అసలు లెక్క తేలుతుంది. ఎన్టీపీసీ ఝార్ఖండ్‌లోని పక్రీ బర్వాడీలో ఇలాంటి బావి తవ్వకం మొదలుపెట్టింది 2025లోనే. నార్వేలోని స్లీప్నర్‌లో 1996 నుంచి సముద్రం అడుగున ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల చొప్పున నింపుతూ వచ్చారు. నేలటూరు కేంద్రం 70 శాతం సామర్థ్యంతో నడిచినా, ఏడాదికి వెలువడేది అంతకు పది రెట్ల పైమాటే.

మనకేంటి?

రాయి ఇక్కడ లేదంటే వాయువును పైపుల్లోనో ఓడల్లోనో తరలించాలి. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీలో ఇలాంటి పైపులైను పగిలి 40 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఈ వాయువు గాలి కంటే బరువైనది, పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి పైపు ఏ ఊళ్ల పక్కగా వెళ్తుందన్నది చిన్న విషయం కాదు.

బిల్లు సంగతీ ఉంది. వాయువును పట్టడానికే కేంద్రం తయారుచేసే కరెంటులో దాదాపు ఐదో వంతు ఖర్చవుతుంది. ఆ భారం కేంద్రం మోస్తుందా, వినియోగదారుల చార్జీల్లో కలుస్తుందా? విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లో ఈ ప్రశ్న వేసే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది.

బావి మూసేశాక లీకైతే బాధ్యత ఎవరిది? యూరప్‌లో సాధారణంగా కనీసం 20 ఏళ్లు నిర్వహణ సంస్థదే. మన దగ్గర ఈ సంగతి పైపు వేయకముందే రాతపూర్వకంగా తేలాలి. ప్రాజెక్టు నోటీసు వస్తే ముందు అడగాల్సింది ఒకటే: రాయిని ఎక్కడ, ఎన్ని బోర్లతో పరీక్షించారు?