సగమే కదా!

వైద్యుల మాటల్లో 'పాక్షికం' అంత మోసకారి మాట మరొకటి లేదనిపిస్తుంది. కీలు పూర్తిగా తప్పిందంటే ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరుగెత్తుతాము. కాస్త జారి, తనంతట తానే గూటిలో కూర్చున్నదంటే మాత్రం "పోనిద్దూ, సగమే కదా!" అని ఊపిరి పీల్చుకుంటాము. తుంటి విషయంలో ఈ నిశ్చింత ఎంత ప్రమాదకరమో చెప్పడానికి అమెరికా క్రీడాకారుడు బో జాక్సన్ కథ చాలు.

బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ రెండింటిలోనూ ఆల్‌స్టార్ గౌరవం పొందిన తొలి ఆటగాడతడు. 1991 జనవరి 13న లాస్ ఏంజెలెస్‌లో సిన్సినాటి జట్టుతో పోటీ. బంతితో 34 గజాలు పరుగెత్తిన అతని కాలును ప్రత్యర్థి వెనకనుంచి ఒడిసిపట్టాడు. చూసేవారికి అది ఆ ఆటలో నిత్యం కనిపించే పట్టే. కాని ఆ ఒక్క క్షణంలో తుంటి జారింది. తొడ ఎముక తలకు నెత్తురందించే నాళాలు దెబ్బతిన్నాయి. నెత్తురందని ఎముక క్రమంగా చచ్చుబడింది. ఆ మార్చిలోనే అతని బేస్‌బాల్ జట్టు అతణ్ణి వదులుకుంది. 1992లో, ముప్పయ్యేళ్ళైనా నిండకముందే, కృత్రిమ తుంటి అమర్చవలసి వచ్చింది.

ఇక్కడ గ్రహించవలసినదేమిటంటే, ఈ గాయం రెండు గడియారాలతో నడుస్తుంది. నొప్పిది ఒక గడియారం, రక్తప్రసరణది మరొకటి. మొదటిది ముందే ఆగిపోవచ్చు. రెండవది చెప్పే సంగతి వారాలకో, నెలలకో గాని బయటపడదు. తొలిరోజుల ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో, తుంటి ఇలా పాక్షికంగా తప్పిన 8 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళను పరిశీలించారు. ఆరుగురు తిరిగి ఆడగలిగారు, ఇద్దరికి కృత్రిమ తుంటే శరణ్యమైంది. ఆరు వారాలు చంకకర్రలతో కాలిపై బరువు పడకుండా చూడాలనీ, ఆపైన ఎమ్మారై మళ్ళీ తీయించాలనీ ఆ వైద్యులు సూచించారు.

అందుకే నా అభిప్రాయంలో, మళ్ళీ చూపించుకోవడమన్నది చికిత్స ముగిశాక మిగిలే లాంఛనం కాదు. అదే చికిత్సలో రెండవ సగం. నొప్పి తగ్గింది కాబట్టి కర్ర పారేయడం, "ఇంకా ఎందుకండీ ఖర్చు" అని రెండవ ఎమ్మారై ఎగ్గొట్టడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. తప్పంతా రోగిదే అనను. "ఆరు వారాల తర్వాత రండి" అని చీటీ మీద రాసి ఊరుకుంటే ఎవరికి పడుతుంది? ఎందుకు రావాలో, గజ్జలో నొప్పి తిరగబెడితే గడువు దాకా ఆగక వెంటనే ఎందుకు రావాలో ఒక్క నిమిషం విడమరచి చెప్పవలసిన బాధ్యత వైద్యునిదే.

ఎంత జాగ్రత్తపడినా కొందరికి ఎముక దక్కకపోవచ్చు, నిజమే. అయినా ఎముక తల కుంగిపోకముందే తెలిస్తే చేయడానికి దారులుంటాయి; కుంగిపోయాక మిగిలేవి తక్కువ.

బో జాక్సన్ 1993లో కృత్రిమ తుంటితో తిరిగొచ్చి, ఎదుర్కొన్న మొదటి అవకాశంలోనే హోమ్‌రన్ కొట్టాడు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కవలసిందే. కాని అతడు మళ్ళీ ఫుట్‌బాల్ ఆడలేదన్న సంగతి కూడా ఆ చప్పట్ల మధ్యనే గుర్తుంచుకోవాలి. సగం తప్పిన కీలు ఒక ఆటను పూర్తిగా తీసుకుపోయింది. మీరేమంటారు?