పేర్లు పెట్టడం, పేరుతో పిలవడం

మా హాస్టల్లో ఎవరి చేతిలోనైనా నవల కనిపిస్తే వచ్చే మొదటి ప్రశ్న, "ఏ ఎగ్జామ్‌కిరా ఇది?" పరీక్షకి కాదంటే రెండో ప్రశ్న, "మరి ఎందుకు?" మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి మాత్రం నిజంగానే జవాబు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒకటుంది, పుస్తకాలు చదివితే మంచివాళ్ళమవుతామని. ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి దీన్ని కూడా కాస్త పరీక్షించి చూద్దాం. 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెల్ కాస్టానో అనే ఇద్దరు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక పేపర్ వేశారు. మంచి సాహిత్యం కాసేపు చదివినవాళ్ళు, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో పసిగట్టే పరీక్షల్లో కొంచెం మెరుగ్గా చేశారన్నది దాని సారాంశం. పుస్తకప్రియులంతా సంబరపడ్డారు. తర్వాత వేరే బృందాలు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. రెండోసారి రీడింగ్ రాకపోతే ల్యాబ్‌లో సార్ ఏమంటారో మనకి తెలుసు కదా! నాకైతే ఆశ్చర్యమనిపించలేదు. అల్మారా నిండా నవలలు పెట్టుకుని జూనియర్లని ఏడిపించేవాళ్ళు ఉంటారు. వేసుకోగానే దయ పుట్టడానికి నవల ఏమీ టాబ్లెట్ కాదు.

మరి నవల చేసేదేమిటి? నాకు తెలిసినంతలో ఒక్కటే. మనం బయటినుంచి చూసి నవ్వే మనిషిని లోపలినుంచి చూపిస్తుంది. చూశాక ఏం చెయ్యాలన్నది మన ఇష్టం.

'బారిష్టర్ పార్వతీశం' సంగతే తీసుకోండి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు వందేళ్ళ కిందట రాసిన నవల ఇది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరవుదామని ఇంగ్లండు బయల్దేరతాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు. అడుగు తీసి అడుగు వేస్తే పొరపాటే. నేను పొట్ట పట్టుకుని నవ్వాను, మీరూ నవ్వే ఉంటారు. కానీ ఎక్కడా పార్వతీశం మనకి చులకన కాడు. ఎందుకంటే కథ చెప్పేది అతనే. ఆ టోపీ ఎందుకు కొన్నాడో, కొన్నప్పుడు ఎంత గర్వపడ్డాడో మనకి తెలుసు. నవ్వుతూనే, ఈ కుర్రాడు క్షేమంగా ఊరు చేరాలని కోరుకుంటాం. ఆఖరికి అతను నిజంగానే బారిష్టరై తిరిగొస్తాడు.

అదే పార్వతీశం మన క్లాసులో చేరితే? మొగల్తూరునించి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చి, మొదటి రోజు ఇంగ్లీషులో తడబడితే? సాయంత్రానికి అతని మీద స్టికర్ తయారవుతుంది.

ఊహించి చెప్తున్నది కాదు. మా బ్రాంచిలో ఒకడున్నాడు. వాడి పేరు ఇక్కడ రాయను. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీష్ ల్యాబ్‌లో అందరినీ లేపి పరిచయం చేసుకోమన్నారు. మిగతావాళ్ళు రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే, వాడు తడుముకుంటూ, వ్యాకరణంతో కుస్తీ పడుతూ, తన కల కూడా చెప్పాడు. ఇస్రోలో సైంటిస్ట్ అవ్వాలని. అంతే. ఆ రోజునుంచి వాడి పేరు 'ఇస్రో'. కరెంటు పోతే "ఇస్రోని పిలవండ్రా, జనరేటర్ లాంచ్ చేస్తాడు." మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్ వస్తే, కూలిపోతున్న రాకెట్ మీద వాడి ఫొటో అతికించి క్లాస్ గ్రూపులో పెట్టారు. కింద వరసగా నవ్వు బొమ్మలు. అన్నట్టు, ఇస్రో సొంత రాకెట్ ఎస్ఎల్‌వీ-3 కూడా 1979 ఆగస్టులో మొదటిసారి విఫలమైంది. 1980 జులైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ స్టికర్ చేసినవాళ్ళకి ఈ సంగతి తెలిసుండదు.

"వాడే నవ్వుతున్నాడు కదా, మధ్యలో నీకేంటి నొప్పి?" అని అడిగారు నన్ను. నిజమే, వాడూ నవ్వేవాడు. నవ్వక చస్తాడా? నవ్వకపోతే "ఒరేయ్, ఫీలైపోయాడ్రా" అని రెండో రౌండు మొదలవుతుంది. ఆ రెండో రౌండు మొదటిదానికంటే ఘోరం. ఇలాంటిచోట బాధపడ్డవాడి నవ్వుని వాడి ఒప్పుకోలు అనుకోకూడదు.

ఒక సంక్రాంతి సెలవులకి ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఊసుపోక "ఇస్రోనే ఎందుకురా?" అని అడిగాను. వాళ్ళది సూళ్ళూరుపేట దగ్గర పల్లెటూరు. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నరోజు జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలందరినీ గ్రౌండులో నిలబెట్టేవారట. ముందు వెలుగు లేచేది, తెల్లటి పొగ గీతలా సాగేది, శబ్దం మాత్రం కాసేపటికిగానీ వచ్చేది కాదు. "అదెందుకు ఆలస్యం సార్?" అని సైన్స్ మాస్టారిని అడిగాడట. జీవితంలో తను అడిగిన మొదటి ఫిజిక్స్ ప్రశ్న అదేనన్నాడు. చెప్తుంటే వాడి మొహం నేనెప్పుడూ చూడని మొహంలా ఉంది. ఎగతాళికి పెట్టిన ఆ పేరు వెనక ఇంత కథ ఉంది. అన్నాళ్ళు ఆ పేరుతో పిలిచినవాళ్ళలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదని వాడే చెప్పాడు.

తర్వాతి ఏడాది ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో మళ్ళీ అందరినీ లేపి "వాట్ ఈజ్ యువర్ గోల్?" అని అడిగారు. వాడు లేచి, తడబడకుండా, మంచి ఇంగ్లీషులో, ఏదైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చాలు సార్ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ట్రైనర్ గారు 'వెరీ గుడ్' కూడా అన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తక్కువని కాదు నా ఉద్దేశం, మనలో చాలామంది చేరేది అందులోనే. కానీ ఆ జవాబు ఇష్టంతో చెప్పింది కాదు, జాగ్రత్తతో చెప్పింది. ఎగతాళి మొదట దెబ్బకొట్టేది మార్కుల్ని కాదు, కలని. కల చచ్చిపోకపోవచ్చు, కానీ బయటకి రావడం మానేస్తుంది. బయటకి రాని కలకి సలహా ఇచ్చేవాళ్ళుండరు, తోడొచ్చేవాళ్ళుండరు, "ఇదిగో ఈ పరీక్ష నోటిఫికేషన్ పడింది చూడు" అని చెప్పేవాళ్ళుండరు.

ఈ భయం లోపల ఎలా ఉంటుందో తెలియాలంటే రావిశాస్త్రి గారి 'అల్పజీవి' చదవండి. అందులో సుబ్బయ్య ఒక గుమాస్తా. భార్యంటే భయం, బావమరిదంటే భయం, ఆఫీసరంటే భయం, కాంట్రాక్టరంటే భయం. బయటినుంచి చూస్తే వాడొక పిరికివాడు, రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. నవల మనల్ని వాడి బుర్రలో కూర్చోబెడుతుంది. ఎవరో పక్కనుంచి చూసి వెళ్ళిపోయిన చూపుని కూడా వాడు ఎన్నిసార్లు తిరగేసి తిరగేసి చూసుకుంటాడో తెలుస్తుంది. చదువుతుంటే విసుగొస్తుంది, జాలేస్తుంది, కొన్ని పేజీల దగ్గర మనమే కనిపించి ఇబ్బందిగా ఉంటుంది. మనం మెస్‌లో ఇలా అని అలా మర్చిపోయిన మాట, అవతలివాడి గదిలో రాత్రి రెండింటివరకూ తిరుగుతూనే ఉంటుందని నాకు చెప్పింది ఆ పుస్తకమే.

"సీనియర్లు జూనియర్లని చేస్తే ర్యాగింగ్, మేం మేం అనుకుంటే సరదా" అని ఒక లెక్కుంది మన దగ్గర. ఆ లెక్క తప్పు. ప్రతి ఏడాదీ మనం, మన ఇంట్లోవాళ్ళు సంతకం చేసే యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ గుర్తుందా? దాని వెనకున్నవి 2009నాటి యూజీసీ నిబంధనలు. వాటికి 2016లో ఒక సవరణ వచ్చింది. రంగు, కులం, మతం, రూపం, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, ఆర్థిక స్థితి లాంటి కారణాలతో ఏ విద్యార్థినైనా, కొత్తగా చేరినవాడే కానక్కర్లేదు, శారీరకంగా గానీ మానసికంగా గానీ వేధించడం కూడా ర్యాగింగ్ కిందికే వస్తుంది. బెదిరించడం, వెలివేసినట్టు దూరం పెట్టడం కూడా అందులోవే. అంటే యాస మీద చేసిన స్టికర్ కూడా అందులోకి రావచ్చు. ఫిర్యాదు చెయ్యాల్సినచోట తప్పకుండా చెయ్యాలి. కానీ రూలు శిక్షించగలదు, మెస్‌లో ఒంటరిగా తింటున్నవాడి పక్కన వచ్చి కూర్చోలేదు. ఆ పని మనదే.

పక్కన కూర్చోవడం అంటే గుర్తొచ్చింది, ఆర్.జె. పలాసియో రాసిన 'వండర్' (2012). పుట్టుకతోనే ముఖం వేరుగా ఉన్న ఆగీ అనే పదేళ్ళ పిల్లాడు మొదటిసారి బడికి వెళ్ళే కథ. అందులో ఏడిపించే జూలియన్‌కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జాక్. జాక్ చెడ్డవాడు కాదు, ఆగీకి స్నేహితుడే. కానీ నలుగురి మధ్యలో ఉన్నప్పుడు ఆ నలుగురికీ నచ్చే మాట అనేస్తాడు. ముసుగు వేసుకున్న ఆగీ అది వినేస్తాడు. మన కాలేజీల్లో జూలియన్‌లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. నవ్వు బొమ్మ పెట్టేది మాత్రం జాక్‌లే. వాళ్ళు లేకపోతే ఆ స్టికర్ అక్కడితో ఆగిపోతుంది. అదే పుస్తకంలో సమ్మర్ అనే అమ్మాయి ఉంటుంది. ఆమె చేసిందల్లా భోజనాల గదిలో ఆగీ ఒక్కడే కూర్చున్న టేబుల్ దగ్గరికి తన ప్లేటు తెచ్చుకోవడం.

మా బ్యాచ్‌లోనూ ఒక సమ్మర్ ఉంది. ల్యాబ్‌లో ప్రోబ్ అడిగినా, రికార్డు అడిగినా వాడిని అసలు పేరుతోనే పిలిచేది. ఎవరికీ క్లాసు పీకలేదు, ఎవరితోనూ గొడవపడలేదు. పేరుతో పిలిచింది, అంతే. కొన్ని వారాలకి ఆ ల్యాబ్ బెంచీ వరకైనా అందరికీ అదే అలవాటైంది. క్లాసంతా మారిందని చెప్పను, మారలేదు. కానీ ఆ బెంచీ దగ్గర వాడు డౌట్లు అడగడం మొదలుపెట్టాడు.

తెలుగులో 'పేర్లు పెట్టడం' అంటే వంకలు పెట్టడమని కూడా అర్థం ఉంది. మనం పెట్టే నిక్‌నేమ్‌లన్నీ అలాంటివని అనను. చిన్నప్పటినుంచి నన్ను 'బుడ్డోడా' అని పిలిచే స్నేహితుడు ఒక్కరోజు పూర్తి పేరుతో పిలిస్తే నాకు కంగారొస్తుంది. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఆ పేరు వద్దని చెప్పే వీలు ఆ మనిషికి ఉందా? ఉంటే ముద్దుపేరు. లేకపోతే అది వేరే ఏదో.

ఇక నా సంగతి. నాకు ఒక నవల రాయాలని ఉంది, తెలుగులో. మా నాన్న కండక్టర్‌గా తిరిగిన పల్లెవెలుగు బస్సు రూటు మీద. ఇప్పటికి ఇరవై ఏడు పేజీలయ్యాయి. మొదటిసారి ఒకరితో చెప్పినప్పుడు "ప్యాకేజీ ఎంత వస్తుంది?" అన్నారు. ఇప్పుడు మీ అందరికీ చెప్పేశాను కాబట్టి రేపటినుంచి నాకూ ఒక పేరు పడొచ్చు. పడనివ్వండి. కానీ పేరు పెట్టేముందు "ఆ బస్సే ఎందుకు?" అని ఒక్కసారి అడగండి. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.