నవలలా ఉందనడం మెచ్చుకోలా?

చరిత్ర పుస్తకం బాగుందని చెప్పవలసి వస్తే మన నోట వచ్చే మెచ్చుకోలు ఒక్కటే: ‘నవలలా చదివిస్తుంది.’ ఈ మాట చరిత్రనూ నవలనూ కూడా తక్కువ చేస్తుంది. చరిత్ర సహజంగా నిస్సారమనీ, నవల పేజీలు తిప్పించే సాధనం మాత్రమేననీ ఒప్పుకుంటే తప్ప ఈ పొగడ్తకు అర్థం లేదు.

సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ చరిత్ర ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ 2010లో వచ్చింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అందులో కనిపిస్తారు. ఆయన బృందం నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మందికి 10 మందిలో గుణం కనిపించింది. కానీ అది తాత్కాలికమే, వ్యాధి తిరగబెట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

నవలాకారుడైతే ఒక్క బిడ్డనైనా బతికించుకోవచ్చు. ఆ మంచం పక్కన సుబ్బారావు గారిని నిలబెట్టి నాలుగు మాటలు పలికించవచ్చు. చరిత్రకారుడికి ఆ స్వేచ్ఛ లేదు. లేకపోవడమే అతని బలం. ఆ పేజీల దగ్గర మన గొంతు పట్టేసేది కథన నైపుణ్యం వల్ల మాత్రమే కాదు, ఇది జరిగింది, ఇక మార్చలేమన్న ఎరుక వల్ల.

ఇజబెల్ విల్కర్సన్ ‘ది వార్మ్త్ ఆఫ్ అదర్ సన్స్’ కోసం 1,200 మందికి పైగా మాట్లాడించింది. దక్షిణాది రాష్ట్రాలను వదిలిపోయిన సుమారు 60 లక్షల నల్లజాతీయుల వలసను ముగ్గురి జీవితాలలో చూపింది. వారిలో రాబర్ట్ ఫాస్టర్ సైన్యంలో పనిచేసిన శస్త్రవైద్యుడు. 1953లో కాలిఫోర్నియాకు కారులో బయలుదేరితే, దారిలో మోటెల్ తరవాత మోటెల్ అతనికి గది లేదు పొమ్మంది. ఆ రాత్రి కల్పితమై ఉంటే మనం జాలిపడి ఊరుకునేవాళ్ళం. నిజం కనుక జవాబుదారీ అడుగుతుంది.

కథనమంటేనే ఎంపిక, ఎంపిక అంటేనే వక్రీకరణ అని ఆచార్యుల ఆక్షేపణ. ఎంపిక నిజమే. రోగి చెప్పినదంతా నేనూ కేస్ షీట్‌లో రాయను. చెప్పనిది మాత్రం రాయను. హద్దు అక్కడుంది. ట్రూమన్ కపోటీ 1966లో ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ను నాన్‌ఫిక్షన్ నవల అన్నాడు. దాని ముగింపులోని శ్మశాన దృశ్యం జరగనే లేదని తరవాత తేలింది. నవలలా ఉండాలన్న మోజు చివరికి చేర్చేది అక్కడికే.

సినిమా చూసి చరిత్ర తెలిసిందనుకునే అలవాటు మనలో ఎంత బలమైనదో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఒక చిన్న పరీక్ష. మనసును కదిలించిన సంభాషణ ఎదురైనప్పుడు పుస్తకం వెనక ఉన్న ఆధారాల పుటలు తిప్పి చూడండి. ఆ మాట ఎక్కడిదో అక్కడ దొరకాలి.

ఈ రెండు పుస్తకాలూ తప్పక చదవండి. చదివాక నవలలా ఉన్నాయని మాత్రం నాకు రాయకండి.