సీజన్ జీతం... ఏడాది బతుకు

ఆఫర్ చేతికి రాగానే జీతం ఎంతని అడుగుతాం. అది ఏడాదిలో ఎన్ని నెలలు నిలకడగా వస్తుందని మాత్రం చాలాసార్లు అడగం. లాడ్జీ, ట్రావెల్స్, రెస్టారెంట్... బయటి నుంచి వచ్చే జనం మీద నడిచే ఏ కొలువుకైనా అసలు ప్రశ్న అదే. అదెందుకో తెలియాలంటే పుట్టపర్తిని చూడండి.

వాన పోయి జనం వచ్చె!

అనంత పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతం 550 మి.మీ. దగ్గరే. పశ్చిమ కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి రుతుపవనాలు నీరసిస్తాయి. వర్షాధారంగా వేరుశనగ వేయడం, పంట పోతే బెంగళూరు బస్సెక్కడం ఇక్కడ చాలా కుటుంబాలకు అలవాటే. అలాంటి చోట చిత్రావతి ఒడ్డున ఒక పల్లె పట్టణమైంది. 1950లో ప్రశాంతి నిలయం, 1981లో విశ్వవిద్యాలయం, 1990లో విమానాశ్రయం, 1991లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 2000లో రైల్వేస్టేషన్ వచ్చాయి. చుట్టూ లాడ్జీలు, హోటళ్లు, ట్యాక్సీలు పెరిగాయి. ఇటాలియన్, రష్యన్ మాటలు నేర్చుకున్న దుకాణదారులూ ఉన్నారు.

చేను వానను నమ్ముకున్నట్టే ఈ వ్యాపారం వచ్చే జనాన్ని నమ్ముకుంది. జులైలో గురుపౌర్ణమి, నవంబరు 23న సత్యసాయి జయంతి, ఆపైన క్రిస్మస్, కొత్త సంవత్సరం... అప్పుడు చేతినిండా పని. ఎండలు ముదిరాయా, వీధులు వెలవెలే. సత్యసాయిబాబా ఉన్న రోజుల్లోనూ వేసవిలో ఆయన వైట్‌ఫీల్డ్‌కో, కొడైకెనాల్‌కో వెళ్తే బేరాలు పడిపోయేవి. 2011 ఏప్రిల్ 24న ఆయన నిర్యాణం తర్వాత ఈ అన్‌సీజన్ ఇంకా పొడవైంది. 2020లో కోవిడ్‌తో వీసాలు ఆగి విదేశీయుల రాకే నిలిచిపోయింది. 2025 నవంబరులో శతజయంతికి ఊరు కిక్కిరిసింది. కానీ ఆ కొద్దిరోజుల రాబడితో ఏడాది అద్దె కట్టడం ఎవరి తరం?

మొదటి వేటు ఎవరిపై?

ఆశ్రమం లోపలే తక్కువ ధరకు గదులు, క్యాంటీన్లు ఉన్నాయి. జనం పలుచగా ఉంటే చాలామంది అక్కడే సర్దుకుంటారు. అంటే బయటి లాడ్జీకి గిరాకీ ప్రధానంగా రద్దీ రోజుల్లోనే. అయినా యజమాని బ్యాంకు కిస్తీ ఆపలేడు, కరెంటు బిల్లు ఆపలేడు. ఆపగలిగేది మనిషినే. ‘పండక్కి పిలుస్తాంలే’ అన్న మాట మొదట వినేది రూమ్ బాయ్, రిసెప్షనిస్టు, రోజు కిరాయి డ్రైవరు.

అదే ఊళ్లో ఆసుపత్రి, విద్యాసంస్థల సిబ్బందికి ఈ లెక్క వర్తించదు. రోగులూ విద్యార్థులూ పండగ చూసుకుని రారు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం అయినంత మాత్రాన కొత్త పోస్టులు రాలిపడలేదు, చాలావరకు ఉన్న సిబ్బందినే సర్దారు. అయినా కలెక్టరేట్ పనిమీద వచ్చే వాళ్లకు మే నెలలోనూ భోజనం కావాలి, జిరాక్సు కావాలి, ఆటో కావాలి. అదే జిల్లాలో పెనుకొండ దగ్గర కియా కార్ల ప్లాంటు 2019 నుంచి నడుస్తోంది. జయంతి రద్దీతో దానికి సంబంధమే లేదు.

కాగితం మీద లెక్కేయండి

అనుకుందాం: ఒక హోటల్ సీజన్ నాలుగు నెలలు రూ.22,000, మిగతా ఎనిమిది నెలలు రూ.8,000 ఇస్తానంది. ఏడాదికి రూ.1,52,000. నెలకు సగటున రూ.12,667. ఇంకోచోట పన్నెండు నెలలూ రూ.14,000 ఇస్తారు. ఏడాదికి రూ.1,68,000. మొదట ఊరించిన ఆఫర్ నిజానికి రూ.16,000 తక్కువ!

అందుకని చేరేముందు మూడు విషయాలు తేల్చుకోండి.

* గిరాకీ లేని నెలల్లో జీతం ఇస్తారా, కోస్తారా, ఇంటికి పంపుతారా? జవాబు నోటిమాటగా వద్దు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. మొహమాటపడకుండా అడగండి.

* పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? పని లేని నెలలో జబ్బు చేస్తే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది.

* ఇక్కడ నేర్చుకునేది ఇంకోచోట పనికొస్తుందా? హోటల్ బుకింగ్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ లెక్కలు, ఒక విదేశీ భాష వచ్చినవారికి బెంగళూరు సుమారు 150 కి.మీ. దూరమే.

సీజన్ కొలువులు ప్రపంచమంతా ఉన్నాయి. స్పెయిన్‌లో సముద్రతీర హోటళ్ల సిబ్బందికి ప్రత్యేక శాశ్వత ఒప్పందం ఉంటుంది. సీజన్ ముగిస్తే పని ఆగుతుంది గానీ ఉద్యోగం పోదు, మళ్లీ సీజన్‌కు వాళ్లనే పిలవాలి. మన దగ్గర లాడ్జీ కుర్రాడికి అంత భరోసా లేదు. కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

సీజన్ పని చెడ్డదని కాదు. చదువుకుంటూ నాలుగు డబ్బులు, అనుభవం సంపాదించడానికి మంచి దారే. అయితే దాన్ని నమ్ముకుని ఇంటిఅద్దె, బైకు కిస్తీ, చెల్లి ఫీజు నెత్తినేసుకునే ముందు ఊరి క్యాలెండర్ ఓసారి తిరగేయండి. పోయిన మే నెలలో అక్కడ ఎంతమంది పనిలో ఉన్నారో, ఎంత తీసుకున్నారో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లనే అడగండి.