పన్ను సరేగానీ, బిగించేదెవరు?

రాజమండ్రి నుంచి భీమవరం దాకా ఎటెళ్లినా ఇంప్లాంట్ ఫ్లెక్సీలేనండి. ‘ఒక్కరోజులో పళ్లు’ అంటారు గానీ, టైటానియం మరని దవడెముక పట్టుకోడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఆ రోజు తొడిగేది తాత్కాలికప్పన్నే.

మనోళ్లు రేటడుగుతారు, చేసేదెవరో అడగరు. కొన్ని క్లినిక్కుల్లో బోర్డు మీదున్నాయన కాదు, ఆదివారం ఊళ్లోకొచ్చిపోయే సర్జన్ బిగిస్తాడు. అది తప్పని నేననను. ఆర్నెల్లకి మర కదిలితే ఎవర్ని పట్టుకుంటాం మరి? నేనైతే ఆయన పేరు, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ముందే రాయించుకుంటాను. మర డబ్బా మీది కంపెనీ, లాట్ నంబరు స్టిక్కరు ఫైల్లో అంటించమంటాను. షుగరుందా, చుట్ట కాలుస్తారా అనైనా అడక్కుండా డేటిచ్చేత్తే మాత్రం, లేచొచ్చేసి రాజానగరంలోనో భీమవరంలోనో డెంటల్ కాలేజీలో ఇంకో మాటడుగుతాను.