బొమ్మై సర్కారును కూల్చిన నివేదిక.. రాసింది మన కర్నూలు నేతే!

గవర్నర్ల తీరుపై గొడవ వచ్చిన ప్రతిసారీ వినిపించే మాట.. బొమ్మై కేసు. ఆ కేసుకు మూలమైన గవర్నర్‌ది మన కర్నూలు జిల్లా అని ఎంతమందికి తెలుసు?

ఆయనే పెండేకంటి వెంకటసుబ్బయ్య. నంద్యాల మాజీ ఎంపీ, కేంద్ర మాజీ మంత్రి. 1989 ఏప్రిల్‌లో కర్ణాటక గవర్నర్‌గా ఉన్నారు. ముఖ్యమంత్రి ఎస్.ఆర్.బొమ్మైకి మద్దతు ఉపసంహరిస్తున్నట్లు 19 మంది ఎమ్మెల్యేల లేఖలు చేతికందగానే రాష్ట్రపతికి రిపోర్ట్ పంపేశారు. మరుసటి రోజే ఏడుగురు మాట మార్చారు. సభలో బలం నిరూపించుకుంటానని బొమ్మై అడిగినా గవర్నర్ ఒప్పుకోలేదు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది.

విచిత్రం ఏంటంటే.. 1954లో ఇదే కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ప్రకాశం పంతులు సర్కారు అవిశ్వాసంలో ఒక్క ఓటుతో పడిపోయింది. అక్కడ ముందు సభలో ఓటింగ్ జరిగింది, తర్వాతే రాష్ట్రపతి పాలన, గవర్నర్ త్రివేది చేతికి పగ్గాలు. 1984లో ఎన్టీఆర్‌కు మాత్రం గవర్నర్ రామ్‌లాల్ ఆ ఛాన్సే ఇవ్వలేదు.

చివరికి 1994 మార్చి 11న 9 మంది జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చేసింది. మెజారిటీ తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదు. అయితే బొమ్మైకి పోయిన కుర్చీ తిరిగి రాలేదు. అప్పటికే కర్ణాటకలో ఎన్నికలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు గొడవ బిల్లుల మీదకు మళ్లింది. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లులపై గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.